సురేష్ కుదురుతాడు, రమేష్ కుదరడు: మూలకాల సంకేతాలతో పేర్లు రాసే ఆట వెనక కథ

ఆవర్తన పట్టికలోని సంకేతాలను పక్కపక్కన పేర్చి పేర్లు రాసే ఆట చాలామంది చూసే ఉంటారు. కప్పుల మీద, టీషర్టుల మీద, పేరుపలకల మీద కనిపిస్తుంది. పేరులో ఒక్కో ముక్కకు ఒక్కో గడి, గడిలో సంకేతం, మూలన పరమాణు సంఖ్య. సురేష్ అనే పేరు తీసుకోండి. ఇంగ్లిష్ స్పెల్లింగ్‌లో మొదటి ఎస్ సల్ఫర్, యు అంటే యురేనియం, తర్వాతి ఆర్, ఈ రెండూ కలిపితే రీనియం, మళ్లీ ఎస్ సల్ఫర్, చివరి హెచ్ హైడ్రోజన్. ఎక్కడా తట్టుకోకుండా పేరు పూర్తయిపోయింది. అదే ఊపులో రమేష్ కూడా రాసేద్దామని కూర్చుంటే మొదట్లోనే బండి ఆగిపోతుంది. ఆర్, ఏ కలిపి రేడియం చేస్తే ఆ తర్వాతి ఎం ఒంటరిదైపోతుంది. ఎం అనే సంకేతం లేదు, ఎం-ఈ కూడా లేదు. పోనీ ఏ, ఎం కలిపి అమెరీషియం చేద్దామంటే ముందున్న ఆర్ గాల్లో మిగులుతుంది. రెండు దారులూ బంద్.

దీన్ని అదృష్టం అనుకుని వదిలేయొచ్చు. కాస్త తవ్వితే మాత్రం ఇందులో మూడు సంగతులు కలగలిసి ఉన్నాయని తెలుస్తుంది: సంకేతాలు పెట్టిన పద్ధతి, మన పేరుకు మనం రాసుకునే ఇంగ్లిష్ స్పెల్లింగ్, మన చేతిలో ఉన్న పట్టిక ఏ సంవత్సరంలో అచ్చయింది అన్నది. ఈ మూడోదాన్ని ఎవరూ పట్టించుకోరు, నాకైతే అన్నిటికంటే మజా అక్కడే కనిపిస్తుంది.

ముందు నియమాలు. పట్టికలో ఇప్పుడు 118 మూలకాలున్నాయి, వాటి అధికారిక సంకేతాలు మాత్రమే వాడాలి. పేరులో అక్షరాల వరస మారకూడదు, ఒక్క అక్షరం కూడా మిగలకూడదు. ఒకే మూలకాన్ని ఎన్నిసార్లైనా వాడుకోవచ్చు. ఇకనుంచి రెండక్షరాల సంకేతానికి మధ్యలో చిన్న గీత పెడతాను, ఆర్-ఏ అంటే రేడియం అన్నట్టు. ఆ రెండక్షరాల్లో మొదటిది పెద్దది, రెండోది చిన్నది. ఇది చాదస్తం కాదు. పెద్ద సి పక్కన చిన్న ఓ రాస్తే కోబాల్ట్ అనే లోహం, రెండూ పెద్దవి రాస్తే కార్బన్ మోనాక్సైడ్ అనే విషవాయువు.

ఇప్పుడు సంకేతాల సంగతి. ఒక్క అక్షరంతోనే నిలబడే సంకేతాలు పద్నాలుగే: హెచ్, బి, సి, ఎన్, ఓ, ఎఫ్, పి, ఎస్, కె, వి, వై, ఐ, డబ్ల్యూ, యు. మిగతా పన్నెండు అక్షరాలకు సొంత కాళ్లు లేవు, పక్కనున్న అక్షరం చెయ్యి పట్టుకుంటేనే నడుస్తాయి. వాటిలో జె, క్యూ అయితే మరీ అన్యాయం, ఏ మూలకం సంకేతంలోనూ వాటికి చోటు లేదు. అంటే రాజు, విజయ్, జ్యోతి, అంజలి, గిరిజ లాంటి పేర్లు మొదలుపెట్టక ముందే అయిపోయినట్టు.

మన పేర్లకు అసలు దెబ్బ ఏ అనే అక్షరం దగ్గర తగులుతుంది. మన హల్లుల్లో చాలావరకు అకారంతోనే పలుకుతాయి కాబట్టి ఇంగ్లిష్‌లో రాసేసరికి పేరు నిండా ఏ లే కనిపిస్తాయి. ఆ ఏ కి ఒంటరి సంకేతం లేదు. దానికి ఎడమ పక్క బి, సి, జి, ఎల్, ఎన్, పి, ఆర్, టి లలో ఏదో ఒకటి ఉండాలి (బేరియం, కాల్షియం, గాలియం, లాంథనం, సోడియం, ప్రొటాక్టీనియం, రేడియం, టాంటలం), లేదా కుడి పక్క సి, జి, ఎల్, ఎం, ఆర్, ఎస్, టి, యు లలో ఒకటి ఉండాలి. అటు ఎనిమిది, ఇటు ఎనిమిది. ఇవేవీ లేకపోతే ఇక అంతే సంగతులు. కావ్య పేరులో మొదటి ఏ కి ఎడమన కె, కుడిన వి ఉన్నాయి. కె-ఏ లేదు, ఏ-వి లేదు, కావ్య అవుట్. అనిల్, అనిత, అనూష, అంటే ఏ-ఎన్ తో మొదలయ్యే పేర్లన్నీ అవుట్. హ, మ, య, వ, ష తో ముగిసే స్నేహ, ఉమ, దివ్య, శివ, ఉష కూడా అవుటే, ఎందుకంటే చివరి ఏ కి కుడి పక్క ఎవరూ లేరు, ఎడమ పక్కవాడు పనికిరాడు.

నెగ్గేవాళ్లూ తక్కువేం కాదు. రవి అంటే రేడియం, వెనేడియం, అయోడిన్. కృష్ణ అంటే క్రిప్టాన్, అయోడిన్, సల్ఫర్, హైడ్రోజన్, సోడియం. ఏడక్షరాల పేరు ఇంత శుభ్రంగా విడిపోవడం చూస్తే ముచ్చటేస్తుంది. కల్పన, ఇంద్ర, విష్ణు, వినయ్, వికాస్, అరుణ్, వరుణ్, బాబు, నాని, రాణి అందరూ నెగ్గుతారు. సుబ్బారావుని ఆర్-ఏ-ఓ తో ముగిసే మామూలు స్పెల్లింగ్‌లో రాస్తే సల్ఫర్, యురేనియం, బోరాన్, బేరియం, రేడియం, ఆక్సిజన్ అని ఠంచనుగా కుదురుతుంది. ఎల్-యు అనే లుటీషియం ఉండటం మనకు పెద్ద వరం అనిపిస్తుంది, మన పాత పేర్లలో సగం లు తో ముగుస్తాయి కదా. తీరా చూస్తే రాములు ఎం దగ్గర, వెంకటేశ్వర్లు మొదటి ఈ దగ్గరే పడిపోతారు. శ్రీనివాసులు మాత్రం గట్టెక్కుతాడు. అన్నట్టు తెలుగు అనే మాట కూడా టెలూరియం, లుటీషియం దాకా వచ్చి జి దగ్గర చతికిలబడుతుంది.

స్పెల్లింగ్ తిరకాసు

మూలకాల సంకేతాలు ప్రపంచమంతా ఒకటే, ఏ లిపిలో పాఠ్యపుస్తకం అచ్చయినా సంకేతాలు ఇవే. కాబట్టి మన పేరు ముందు ఇంగ్లిష్ అక్షరాల్లోకి మారాలి, ఆ మార్పులో మనం చేసే చిన్నచిన్న ఎంపికలే ఫలితాన్ని తారుమారు చేస్తాయి. త అనే అక్షరానికి మనం టి పక్కన హెచ్ పెడతాం, ఉత్తరాదివాళ్లు ఒట్టి టి తో సరిపెడతారు. లత పేరుని వాళ్ల పద్ధతిలో రాస్తే లాంథనం, టాంటలం, రెండు గడుల్లో పని పూర్తి. మన పద్ధతిలో హెచ్ చేరగానే చివరి ఏ కి ఆసరా పోతుంది, పేరు కుప్పకూలుతుంది. సునీత, సరిత లకూ ఇదే గతి. అరవింద్ పేరులో మనం ఆర్ తర్వాత ఏ రాస్తాం, అక్కడే చెడుతుంది. ఆ ఏ ని తీసేసి రాసేవాళ్లకు ఆర్గాన్, వెనేడియం, అయోడిన్, నియోడిమియం అని చక్కగా వస్తుంది. సీతకి ఐ పెడితే సిలికాన్, టాంటలం. రెండు ఈ లు పెట్టారా, సెలీనియం తర్వాత రెండో ఈ ఒంటరిగా నిలబడి బిక్కమొహం వేస్తుంది. శ్రీను కూడా అంతే, ఐ తో రాస్తే ఓకే, రెండు ఈ లతో రాస్తే కాదు.

హెచ్ ప్రతిసారీ శత్రువేమీ కాదు. స్వాతి పేరులో హెచ్ ఉన్నా లేకపోయినా కుదురుతుంది, ఎందుకంటే అక్కడ ఏ, టి కలిసి ఆస్టటీన్ అయిపోయాక హెచ్ విడిగా హైడ్రోజన్‌గా నిలబడుతుంది, చివర ఐ కి అయోడిన్ ఎలాగూ ఉంది. భరత్‌కీ అదే సౌకర్యం, పైగా అతనికి మొదట్లో బి, హెచ్ కలిపి బోరియం అనుకోవచ్చు, విడగొట్టి బోరాన్, హైడ్రోజన్ అనుకోవచ్చు.

కాబట్టి పేరు కుదరలేదని నిరాశపడే ముందు స్పెల్లింగ్ మార్చి చూడండి. సంకేతాల్ని మాత్రం మార్చకండి. లేని ఎం-ఏ ని సృష్టించి, దానికో గడి గీసి, మూలన ఏదో అంకె వేసేసే కప్పులు అమ్ముతుంటారు, కెమిస్ట్రీ చదివినవాళ్ల ముందు అవి పెట్టుకుంటే నవ్వులపాలే.

వెతకడం ఎలా

చేత్తో చేసేటప్పుడు అందరూ పడే గుంత ఒకటుంది. రెండక్షరాల సంకేతం కనిపించగానే ఆబగా పట్టేసుకుంటాం. కిరణ్ పేరుతో చూడండి. మొదట కె, పొటాషియం. తర్వాత ఐ-ఆర్ కనిపిస్తుంది, ఇరిడియం, భలే అనుకుంటాం. మిగిలింది ఏ, ఎన్. ఏ-ఎన్ లేదు, ఏ లేదు. చాలామంది ఇక్కడే కుదరదని లేచిపోతారు. ఒక అడుగు వెనక్కి వచ్చి ఇరిడియాన్ని వదిలేసి ఐ ని అయోడిన్‌గా ఒంటరిగా తీసుకుంటే, తర్వాతి ఆర్-ఏ రేడియం, చివరి ఎన్ నైట్రోజన్. కిరణ్ పాస్. ముందు ఒంటరి అక్షరాలే చూద్దామన్నా ఇదే బెడద. కృష్ణ చివర్లో ఎన్ ని నైట్రోజన్‌గా తీసుకుంటే ఏ మిగిలిపోతుంది, వెనక్కి వచ్చి సోడియం చెయ్యాలి. ప్రోగ్రామింగ్ చేసేవాళ్లకు ఈ వెనక్కి రావడం అలవాటే.

ఇంతకన్నా తెలివైన కిటుకు పేరుని తోక వైపు నుంచి లెక్కపెట్టడం. కుదురుతుందో లేదో మాత్రమే కాదు, ఎన్ని రకాలుగా కుదురుతుందో కూడా తేలిపోతుంది. శ్రీనివాస్ పేరుని ఎస్, ఆర్, ఐ, ఎన్, ఐ, వి, ఏ, ఎస్ అని ఎనిమిది అక్షరాల్లో రాసి చివర నుంచి మొదలుపెట్టండి. చివరి ఎస్ ఒక్కటే ఉంటే దాన్ని రాయడానికి ఒకటే దారి, సల్ఫర్. ఏ, ఎస్ కలిపితే ఆర్సెనిక్, ఏ విడిగా రాదు, కాబట్టి ఒకటే దారి. ముందు వి చేరితే వెనేడియం, దారి ఒకటే. ఇంకో ఐ చేరినా అంతే. ఇప్పుడు ఎన్ వచ్చింది. దాన్ని నైట్రోజన్‌గా విడిగా తీసుకోవచ్చు, లేదా పక్కనున్న ఐ తో కలిపి నికెల్ చెయ్యొచ్చు, రెండు దారులు. దాని ముందు ఐ ని విడిగా తీసుకుంటే ఆ రెండు దారులూ మనవే, ఎన్ తో కలిపి ఇండియం చేస్తే ఆ తర్వాత మిగిలినదానికి ఒకటే దారి, మొత్తం మూడు. ఆర్ ఒంటరిగా రాదు, ఆర్-ఐ లేదు, అక్కడ సున్నా. కొంప మునిగింది అనిపిస్తుంది కానీ మొదటి ఎస్ ఆదుకుంటుంది, ఎస్-ఆర్ స్ట్రాన్షియం అవుతుంది, దాని వెనక మూడు దారులు ఉండనే ఉన్నాయి. శ్రీనివాస్‌ని సరిగ్గా మూడు రకాలుగా రాయొచ్చు.

ఈ లెక్క మనకు కొత్తదేం కాదు. ఛందస్సులో లఘువుకు ఒక మాత్ర, గురువుకు రెండు మాత్రలు. ఇన్ని మాత్రల పాదాన్ని లఘువు గురువులతో ఎన్ని రకాలుగా నింపొచ్చు అన్న ప్రశ్నకు విరహాంకుడు, తర్వాత 1150 ప్రాంతంలో హేమచంద్రుడు జవాబు చెప్పారు: 1, 2, 3, 5, 8, 13, 21, 34, ముందు రెండు అంకెలు కూడితే తర్వాతిది. ఫిబొనాచ్చి పేరుతో ప్రపంచానికి తెలిసిన వరస ఇదే, ఆయన పుస్తకం 1202 నాటిది. ఒక్క అక్షరం సంకేతం లఘువు, రెండక్షరాలది గురువు అనుకోండి, మన ఆట అచ్చం అదే. ఎనిమిది అక్షరాల పేరుని ముక్కలు చెయ్యడానికి మహా అయితే 34 పద్ధతులు, అందులో శ్రీనివాస్‌కి పట్టిక ఒప్పుకున్నవి 3. ఆరక్షరాల పేరుకు 13 పద్ధతులుంటే సురేష్‌కి దక్కింది 1, నరేష్‌కి 2. నరేష్‌ని సోడియం, రీనియం, సల్ఫర్, హైడ్రోజన్ అనొచ్చు. లేదా నైట్రోజన్, ఆర్గాన్, ఐన్‌స్టీనియం, హైడ్రోజన్ అనొచ్చు. ఒకే పేరు, రెండు చీలికల్లో హైడ్రోజన్ తప్ప ఉమ్మడి మూలకం లేదు!

సంకేతాలు ఎలా వచ్చాయి

1808లో జాన్ డాల్టన్ మూలకాలకు గుండ్రాలు గీశాడు, లోపల చుక్కో గీతో పెట్టి. అచ్చువేసేవాళ్లకు నరకం. 1813, 1814 ప్రాంతంలో స్వీడన్ రసాయన శాస్త్రవేత్త బెర్జీలియస్ అక్షరాలే వాడదామన్నాడు: లాటిన్ పేరులో మొదటి అక్షరం తీసుకోవాలి, అది ఇంకొకరిదైతే పక్కన మరో అక్షరం చేర్చాలి. డాల్టన్‌కు ఇది అస్సలు నచ్చలేదు, అయినా నిలబడింది ఇదే. ఎవరు ముందు వస్తే, ఎవరికి ప్రాధాన్యం దక్కితే వాళ్లకు ఒంటరి అక్షరం దక్కింది, వెనకొచ్చినవాళ్లు జంటలతో సర్దుకున్నారు.

లాటిన్ వైపు మొగ్గడం మన పేర్లకు బాగా కలిసొచ్చింది. పొటాషియానికి ఇంగ్లిష్ పేరు ప్రకారం పి రావాలి, అది ఫాస్ఫరస్ పాలైంది. కాలియం అనే పేరుతో దానికి కె దక్కింది. ఆ కె లేకపోతే పట్టిక మొత్తంలో కె కనిపించేది క్రిప్టాన్, బెర్కీలియం సంకేతాల్లోనే, అప్పుడు కిరణ్, వికాస్, కల్పన ముగ్గురూ ఇంటికే. నాట్రియం పుణ్యమా అని సోడియానికి ఎన్-ఏ వచ్చింది, న తో ముగిసే పేర్లన్నిటికీ అది దిక్కు. టంగ్‌స్టన్‌కి జర్మన్‌వాళ్ల వోల్ఫ్రామ్ నుంచి డబ్ల్యూ వచ్చింది, స్వాతి బతికింది.

ఏ సంవత్సరపు పట్టిక?

ఇప్పుడు అసలు మజా. మెండెలీవ్ 1869లో తొలి పట్టిక వేసినప్పుడు అందులో సుమారు 63 మూలకాలే. ఆ పట్టిక ముందు రవిని, కృష్ణని కూర్చోబెడితే ఇద్దరూ ఫెయిల్, రేడియం లేదు, క్రిప్టాన్ లేదు. 1898లో మన పేర్లకు లాటరీ తగిలింది. ఆ ఒక్క ఏడాదిలోనే రామ్సే, ట్రావర్స్ కలిసి క్రిప్టాన్, నియాన్, జెనాన్ కనుక్కున్నారు, క్యూరీ దంపతులు పొలోనియం, రేడియం ప్రకటించారు. క్రిప్టాన్‌తో కృష్ణ, నియాన్‌తో గణేష్, రేడియంతో రవి, రాణి, ఇంద్ర, సుబ్బారావు వరసగా పాసైపోయారు.

తర్వాతి మలుపు 1925. జర్మనీలో నొడాక్, ఇడా టాకె, బెర్గ్ అనే ముగ్గురు ఒకేసారి రెండు మూలకాలు దొరికాయన్నారు. 75వది రీనియం, 43వది మసూరియం. రీనియం సంకేతం ఆర్-ఈ, దానితో సురేష్, నరేష్ ఇద్దరూ గట్టెక్కారు. మసూరియం సంకేతం ఎం-ఏ! మనకు కావలసిందే అది. మహేష్ అంటే మసూరియం, హీలియం, సల్ఫర్, హైడ్రోజన్. ఉమ అంటే యురేనియం, మసూరియం. రామ అంటే రేడియం, మసూరియం. కొన్ని పట్టికల్లో ఆ సంకేతం అచ్చయింది కూడా. కానీ మసూరియం ఉందన్న మాటను మిగతా శాస్త్రవేత్తలు నిర్ధారించలేకపోయారు, 1937లో పెరియే, సెగ్రే అదే 43వ మూలకాన్ని కృత్రిమంగా తయారైన నమూనాలో పట్టుకున్నారు, 1947లో దానికి టెక్నీషియం అని పేరు పెట్టి టి-సి ఇచ్చారు. టి-సి తో ఏ పేరు రాస్తాం చెప్పండి. ఒకే బృందం చేతిలోంచి వచ్చిన రెండు సంకేతాల్లో సురేష్‌ది నిలిచింది, మహేష్‌ది ఎగిరిపోయింది.

1957లో ఇంకో ఘోరం. అప్పటిదాకా ఆర్గాన్ సంకేతం ఒట్టి ఏ. అవును, మన పేర్లకు ఆక్సిజన్ లాంటి ఆ ఏ, పట్టికలో ఉండేది. కావ్య కుదిరేది, ఉష, స్నేహ, వాణి అందరూ కుదిరేవాళ్లు. ఆ ఏడాది అంతర్జాతీయ రసాయన శాస్త్ర సంఘం ఐయుపాక్ దాన్ని ఏ-ఆర్ గా మార్చేసింది. వీళ్లందరూ పోయారు, బదులుగా హరి లోపలికి వచ్చాడు (హైడ్రోజన్, ఆర్గాన్, అయోడిన్). నా లెక్కలో ఇది ఘోరమైన బేరం. అరుణ్ మాత్రం గడుసువాడు, అంతకుముందు ఆర్గాన్, రుథీనియం, నైట్రోజన్‌గా ఉన్నవాడు తర్వాత ఆర్గాన్, యురేనియం, నైట్రోజన్‌గా సర్దుకున్నాడు. ఐన్‌స్టీనియానికి కూడా కనుక్కున్న బృందం మొదట ఒట్టి ఈ అనుకుంది, అది కాస్తా ఈ-ఎస్ అయింది. ఒంటరి ఈ సంకేతంగా మిగిలి ఉంటే వెంకట్ పాసయ్యేవాడు.

ఉషకి, స్నేహకి ఇంకో అవకాశం వచ్చి పోయింది. 1970లో అమెరికాలోని బర్కిలీ బృందం 105వ మూలకానికి హానియం అని పేరు పెట్టి హెచ్-ఏ వాడటం మొదలుపెట్టింది. రష్యన్లతో పేరు మీద గొడవ ఏళ్ల తరబడి నడిచింది. 1994లో మధ్యేమార్గంగా జోలియోటియం, జె-ఎల్ అన్న ప్రతిపాదన కూడా వచ్చింది, ఆ లెక్కన జె కి పట్టికలో చోటు దొరికేదే. చివరికి 1997లో డుబ్నియం, డి-బి అని ఖాయం చేశారు. యురేనియం, సల్ఫర్, హానియం అని రాసుకునే అమెరికా ఉష అక్కడితో రెండోసారి ఓడిపోయింది.

జె సంగతి వచ్చింది కాబట్టి చెప్పాలి, మెండెలీవ్ పట్టికలో అయోడిన్ సంకేతం జె. జర్మన్లు చాలాకాలం అదే వాడారు, రేడియం వచ్చాక కూడా. అంటే పాత జర్మన్ పట్టికలో రాజు దర్జాగా ఉండేవాడు, రేడియం, అయోడిన్, యురేనియం. దినేష్‌ది మరీ విచిత్రం. డిడీమియం అనే మూలకానికి డి-ఐ అనే సంకేతం ఉండేది, మెండెలీవ్ కూడా దాన్ని పట్టికలో పెట్టాడు. 1885లో అది ఒక మూలకం కాదు, రెండు అని తేలి ప్రసియోడిమియం, నియోడిమియంగా చీలిపోయింది. దినేష్‌కి కావలసిన నియాన్ వచ్చింది 1898లో. పదమూడేళ్ల తేడాలో ఇద్దరూ కలుసుకోలేకపోయారు. భార హైడ్రోజన్‌కు డి అని రాసుకోవడానికి అనుమతి ఉంది కదా, దినేష్‌ని అలా నెట్టేద్దామంటారు కొందరు. పట్టికలో దానికి గడి లేదు, నేనైతే ఒప్పుకోను.

కొత్త మూలకాలూ అడపాదడపా మేలు చేస్తున్నాయి. 2012లో లివర్‌మోరియం, ఎల్-వి వచ్చాకే ఇంగ్లిష్‌లో వెండి పేరు మూలకాలతో రాయడం సాధ్యమైంది: సిలికాన్, లివర్‌మోరియం, ఎర్బియం. వెండి పేరు రాయడానికి వెండి అక్కర్లేదు! 2016 నవంబర్‌లో ఖాయమైన ఒగానెసన్ సంకేతం ఓ-జి, యోగిత పాసైంది అప్పుడే. 119, 120 ఇంకా ఎవరూ తయారు చెయ్యలేదు.

ఇలా పేర్చిన గడులు సమ్మేళనాలు కావు, అది గుర్తుంచుకోవాలి. అక్షరాలు కలిశాయని పరమాణువులు కలవవు. నిజమైన మూలకాల నమూనాలతో పేరు పేర్చాలంటే గణేష్ అదృష్టవంతుడు, గాలియం (దాదాపు 30 డిగ్రీలకే కరిగే లోహం), నియాన్, సల్ఫర్, హైడ్రోజన్, నాలుగూ స్థిరమైనవే. గణేష్‌కే ఉన్న రెండో చీలిక (గాలియం, నైట్రోజన్, ఐన్‌స్టీనియం, హైడ్రోజన్) జోలికి పోకూడదు, ఐన్‌స్టీనియం అంటే, 1952లో హైడ్రోజన్ బాంబు పరీక్ష శిథిలాల్లో తొలిసారి కనిపించిన సరుకు అది. శ్రీనివాస్ కూడా స్థిరమే, చివర్లో ఆర్సెనిక్ ఉంది కాబట్టి నాలుకకు తగలనివ్వకపోతే చాలు. స్వాతికి కష్టం, ఆస్టటీన్‌లో అన్నిటికంటే ఎక్కువ కాలం ఉండే రూపం కూడా ఎనిమిది గంటల్లో సగం అయిపోతుంది.

నిజంగానే తయారయ్యే పదార్థంలో పేరు కావాలంటే ఇంకో వర్ణమాల ఉంది, అమైనో ఆమ్లాలది. ప్రొటీన్లలో ఉండే 20 అమైనో ఆమ్లాలకు ఒక్కోదానికి ఒక్కో అక్షరం, మార్గరెట్ డేహాఫ్ పెట్టిన పద్ధతి. ఇక్కడ ఏ ఉంది, ఎం ఉంది, ఆర్ ఉంది, జంటల గొడవే లేదు. కావ్య, రమేష్, మహేష్ అందరూ పాస్. లక్ష్మి అంటే ల్యూసిన్, అలనైన్, లైసిన్, సెరీన్, హిస్టిడిన్, మెథియొనైన్, ఐసోల్యూసిన్, ఏడు పూసల పెప్టైడ్ (అమైనో ఆమ్లాల గొలుసు), 1963లో మెరిఫీల్డ్ చెప్పిన పద్ధతిలో ల్యాబ్‌లో ఒక్కోటి గుచ్చుకుంటూ తయారు చెయ్యొచ్చు. ఈ ఇరవైలో బి, జె, ఓ, యు, ఎక్స్, జడ్ లేవు కాబట్టి అక్కడ దర్జాగా నెగ్గిన సుబ్బారావు, సురేష్ ఇక్కడ తప్పుతారు. యు ని తర్వాత సెలీనోసిస్టీన్‌కు, ఓ ని పిరోలైసిన్‌కు ఇచ్చారు. ల్యూసిన్, ఐసోల్యూసిన్ బరువు ఒకటే కాబట్టి అణువుల బరువు తూచే మాస్ స్పెక్ట్రోమీటర్‌లో ఏది ఏదో తేలనప్పుడు జె అని రాస్తారు. ఆ లెక్కన రాజు అంటే ఆర్జినైన్, అలనైన్, ఆ తర్వాత ల్యూసినో ఐసోల్యూసినో చెప్పలేని ఒకటి, చివర సెలీనోసిస్టీన్.